పిల్లల క్షేమం: పరిశోధనలు చెప్పినది, చట్టాలు చేసినది, మనకు మిగిలినది

పూర్వం ఉత్తరాల కాలంలో తెలుగు జాబు ‘ఉభయకుశలోపరి’ అని ఆరంభమయ్యేది. ఉర్దూ ఖత్ అయితే ఇచ్చటి ఖైరియత్ తెలిపి, అచ్చటి ఖైరియత్ కోరుచు మొదలయ్యేది. పెద్దల ఆరోగ్యం, పంటల సంగతి, పెండ్లి మాటలు అన్నియు విడివిడిగా వ్రాసి, చివరకు ‘పిల్లలందరూ క్షేమం’ అని ఒక్క మాటతో ముగించేవారు. ఆ ఒక్క మాటను విప్పి చూచుటయే ఈ వ్యాసోద్దేశం. పిల్లలు క్షేమమని మనం దేనిని బట్టి చెప్పుచున్నాము? దానిని కొలుచుటకు కొలబద్ద ఏది? కొలిచినవారు ఏమి కనుగొన్నారు? ప్రభుత్వాలు ఏమి చేసినవి? మన వంటి విద్యాసంస్థలకు మిగిలిన పని ఏది? ఈ ప్రశ్నలకు మన తెలుగు నేల మీదనే జరిగిన పరిశోధనల ఆధారంగా సమాధానం చెప్ప ప్రయత్నింతుము.

క్షేమం అనగా ఏమి?

పిల్లవానికి జ్వరం లేదు, వేళకు తిన్నాడు, బడికి పోవుచున్నాడు అనగానే మనం తృప్తి పడుదుము. ఈ మూడును అవసరమే. కాని పరిశోధకులు ఇంతతో ఆగరు. వారు పిల్లల క్షేమాన్ని నాలుగు వైపుల నుండి పరిశీలింతురు. మొదటిది దేహం: వయస్సుకు తగిన ఎత్తు, బరువు, రక్తపుష్టి. రెండవది విద్య: హాజరు పట్టికలో పేరుండుట మాత్రమే కాదు, చదివినది అర్థమగుట. మూడవది భద్రత: దెబ్బల నుండి, చాకిరీ నుండి, బాల్యవివాహం నుండి రక్షణ. నాల్గవది మనస్సు: తనను గూర్చి తాను ఏమనుకొనుచున్నాడు, రేపటి మీద ఆశ కలదా, కష్టం చెప్పుకొనుటకు ఒక మనిషి కలడా అనునది.

వీనిలో ఎత్తును గూర్చి కొంత వివరింపవలెను. బరువు నాలుగు వారాల జ్వరంతో తగ్గి, మరల నెల రోజుల మంచి తిండితో పెరుగును. ఎత్తు అట్టిది కాదు. తల్లి గర్భంలో ఉన్ననాటి నుండి రెండవ ఏడు నిండు వరకు బిడ్డకు అందిన తిండి, సోకిన రోగాలు, త్రాగిన నీరు, ఇవన్నియు ఎత్తు మీద లెక్క వ్రాసి పెట్టును. అందుచేత వయస్సుకు తగిన ఎత్తు ఎదుగని స్థితిని, అనగా గిడసబారుటను, దీర్ఘకాలపు లేమికి గుర్తుగా తీసికొందురు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేండ్ల లోపు పిల్లలలో గిడసబారినవారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. ఆ పిల్లలు మనకు రోగుల వలె కనబడరు. పొట్టిగా ఉన్నారు, తల్లిదండ్రుల పోలిక అని అనుకొందుము. కంటికి కనబడని ఇట్టి లోటును బయటపెట్టుటయే కొలత చేయు మేలు.

చట్టాలు నడచిన బాట

బాలల హక్కుల భావన ప్రపంచానికి క్రొత్తది. మొదటి ప్రపంచయుద్ధంలో అనాథలైన పిల్లల దుస్థితిని చూచిన పిదప 1924లో నానాజాతి సమితి జెనీవా ప్రకటనను ఆమోదించినది. 1959లో ఐక్యరాజ్యసమితి మరొక ప్రకటన చేసినది. 1989లో బాలల హక్కుల ఒడంబడిక వచ్చినది. భారతదేశం 1992లో దానిని అంగీకరించినది. ఈ ఒడంబడికలో పదునెనిమిదేండ్లు నిండని ప్రతివారును బాలలే. తమకు సంబంధించిన విషయాలలో తమ అభిప్రాయం చెప్పు హక్కు కూడ వారికి కలదు. ఈ రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. మన చట్టాలు తడబడినది ఈ రెండింటి వద్దనే.

మన దేశంలో 1974లో జాతీయ బాలల విధానం వెలువడినది. మరుసటి ఏడు అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అనగా అంగన్‌వాడీల పథకం, ఆరంభమైనది. ఆరేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం, టీకాలు, వైద్య పరీక్ష, ఆటపాటలతో చదువు ఒకేచోట అందించుట దాని ఆశయం. 1986లో బాలకార్మిక చట్టం వచ్చినది. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ జరిగి, ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయినది. దానిని అమలుపరచు విద్యాహక్కు చట్టం 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. చట్టాల జాబితా ఇంకను పొడవైనదే. అవి పిల్లల జీవితాన్ని నిజముగా మార్చినవా లేదా అనునది అసలు ప్రశ్న.

ఇరువది తొమ్మిది గ్రామాల అనుభవం

ఈ ప్రశ్నకు హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రామాలలో ఒక అపురూపమైన సమాధానం దొరికినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మన విద్యార్థులు వినియే ఉందురు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 1987-90 మధ్యకాలంలో ఈ సంస్థ శాస్త్రజ్ఞులు నగరానికి సమీపంలోని 29 గ్రామాలలో ఒక పరిశీలన గావించిరి. వానిలో 15 గ్రామాలకు అప్పటికే అంగన్‌వాడీ పథకం చేరినది. మిగిలిన 14 గ్రామాల వంతు ఇంకను రాలేదు. పథకం చేరినచోట గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు దినదినమును అదనపు ఆహారం పెట్టిరి. అది విందు భోజనమేమియు కాదు. మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా. దానితోపాటు టీకాలు, రక్తహీనతకు మందులు, సాధారణ వైద్యం అందినవి.

ఆ పని అంతటితో ముగిసి ఉన్నచో అది ఒక నివేదికగా బీరువాలో మిగిలియుండెడిది. కాని 2003-05లో పరిశోధకులు మరల ఆ గ్రామాలకు వెళ్లిరి. నాడు ఉప్మా తిన్న చిట్టిపాపలు అప్పటికి పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారైరి. మొత్తం 1,165 మందిని పరీక్షించి, ఫలితాలను 2008లో ఒక ప్రసిద్ధ బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించిరి. ఆ వ్యాసకర్తలలో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రవేత్త్రి గఫూరున్నీసా కూడ ఒకరని మన విద్యార్థినులకు తెలుపుట మాకు సంతోషం.

ఫలితమేమి? పథకం అందిన గ్రామాల యువకులు, అందని గ్రామాల వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండిరి. ఒకటిన్నర సెంటీమీటరైనను లేని ఈ తేడాను చూచి కొందరు నవ్వవచ్చును. కాని లోపల మరొక తేడా కూడ కనబడినది. వారి దేహం ఇన్సులిన్‌కు మెరుగుగా స్పందించుచుండెను. రక్తనాళాలలో బిరుసుదనం తక్కువగా ఉండెను. అనగా ముందుముందు మధుమేహం, గుండెజబ్బులు వచ్చు అవకాశం కొంత తగ్గినదని భావించవచ్చును. వారు ఇరువది మొదలు ఇరువదియైదేండ్ల వయస్సుకు వచ్చిన పిదప జరిగిన మరొక పరిశీలన 2018లో ప్రచురితమైనది. పథకపు గ్రామాలలో పుట్టినవారు ఎక్కువ చదివిరి, పని లేక పై చదువులలో ఎక్కువగా ఉండిరి, పెండ్లి ఆలస్యముగా చేసికొనిరి అని అందులో తేలినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. ఈ గ్రామాలను చీట్లు వేసి విభజింపలేదు. పథకం ముందుగా చేరిన ప్రాంతానికి, తరువాత చేరిన ప్రాంతానికి మధ్య ఇతర భేదాలు కూడ ఉండవచ్చును. శాస్త్రజ్ఞులు ఈ మాట తామే చెప్పియున్నారు. అయినను పసితనంలో పెట్టిన పట్టెడు తిండి పదిహేను, ఇరువదేండ్ల తరువాత రక్తనాళాలలో, చదువులో, పెండ్లి వయస్సులో సైతం జాడ మిగుల్చునన్న సూచన సామాన్యమైనది కాదు. అంగన్‌వాడీ ఆయా గరిటెతో వడ్డించినది ఒకపూట ఫలహారం మాత్రమే కాదని ఈ లెక్కల వలన తెలియుచున్నది.

పిల్లలను వెంబడించిన పరిశోధన

రెండవ నిదర్శనం ఇంకను విశాలమైనది. ‘యంగ్ లైవ్స్’ అను పేర ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నాలుగు దేశాలలో ఒక దీర్ఘకాల పరిశోధన ఆరంభమైనది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాల్గవది మన దేశం. మన దేశంలో దానికి ఎన్నుకొన్న రాష్ట్రం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల నుండియు, హైదరాబాదు నుండియు 2001-02లో పుట్టిన సుమారు 2,000 మంది శిశువులను, 1994-95లో పుట్టిన సుమారు 1,000 మంది బాలలను 2002లో నమోదు చేసికొనిరి. 2016 వరకు అయిదు మారులు వారి ఇండ్లకు వెళ్లి ఎత్తు, బరువు, చదువు, సంపాదన, కష్టసుఖాలు అడిగి తెలిసికొనిరి. కోవిడ్ కాలంలో ఫోను ద్వారా పలకరించిరి. నడుమ 2014లో రాష్ట్రం రెండైనను పరిశోధన రెండు రాష్ట్రాలలోను సాగినది.

ఒకేసారి తీయు సర్వే చాయాచిత్రం వంటిది. నేడు ఎవరు పొట్టి, ఎవరు పొడవు అని మాత్రమే చెప్పును. అదే పిల్లవానిని ఏండ్ల తరబడి చూచినచో, ఎప్పుడు వెనుకబడెను, ఎందుచేత వెనుకబడెను, మరల ఎట్లు కోలుకొనెను అనునవి తెలియును. ఈ పరిశోధన విలువ అందులోనే ఉన్నది.

ఉదాహరణకు మధ్యాహ్న భోజనం సంగతి చూతము. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోను, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలోను వండిన భోజనం పెట్టవలెనని ఉత్తర్వు చేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి అది అమలు జరిగినది. ఆ కాలంలోనే రాష్ట్రంలో తీవ్రమైన కరువు. పరిశోధనలోని శిశువులలో పెక్కుమంది ఆ కరువు ఇండ్లలో పెరిగినవారే. వారికి సుమారు అయిదేండ్లు వచ్చినప్పుడు, బడిలో చేరి భోజనం తిన్నవారిని, ఇంకను చేరనివారిని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పోల్చి చూచి, 2014లో ఫలితాలను ప్రకటించిరి. కరువు వలన ఎత్తులోను, బరువులోను వెనుకబడిన పిల్లలకు బడి భోజనం గణనీయముగా తోడ్పడి, ఆ నష్టాన్ని పూడ్చినదని వారు నిరూపించిరి.

ఇందులో రెండు పాఠాలు ఇమిడియున్నవి. పసితనంలో కలిగిన లోటు తలరాత కాదు. తరువాత కూడ కొంత కోలుకొనవచ్చును. ఇది మొదటి పాఠం. సాయం అందరికీ సమానముగా వడ్డించినను అది మిక్కిలి ఉపకరించునది మిక్కిలి నష్టపోయిన బిడ్డకే. ఇది రెండవది. బడిలో అన్నం పెట్టినచో పిల్లలు తిండి కొరకే వత్తురని ఆనాడు ఆక్షేపించినవారు ఉండిరి. తిండి కొరకే వచ్చినారనుకొన్నను, దేహం నిలిచినది, చదువుకు చోటు దొరికినది.

మరొక విషయం. ఎనిమిదేండ్ల పిల్లలలో ప్రైవేటు బడికి పోవువారు ఈ పరిశోధనలో 2002లో 24 శాతం కాగా, 2009 నాటికి 44 శాతం అయిరి. అట్లు పంపిన ఇండ్లలో కొడుకునకు ఫీజు కట్టు బడి, కూతురునకు సర్కారు బడి అను భేదం స్పష్టముగా కనబడినది. ఒకే కప్పు క్రింద, ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి క్షేమం ఒకటి కాదని దీని అర్థం. కుటుంబపు ఆదాయాన్ని మాత్రమే లెక్కించు విధానాలకు ఈ భేదం చిక్కదు.

బెత్తం సంగతి

పిల్లల మాటలను ఆలకించుట ఈ పరిశోధనలోని మరొక విశేషం. బడిలో మీకు నచ్చనిదేమి అని అడిగినప్పుడు, నాలుగు దేశాల పిల్లలును ముఖ్యముగా చెప్పినది దెబ్బలు, తిట్లు, తోటివారి వేధింపులు. మన రాష్ట్రంలో ఎనిమిదేండ్ల వయస్సు పిల్లలలో నాలుగింట మూడు వంతులకు మించినవారు, గడచిన వారంలోనే ఉపాధ్యాయుని చేత దెబ్బలు తిన్నట్లు చెప్పిరి. ఎనిమిదేండ్ల వయస్సులో దెబ్బలు తిన్న పిల్లలు నాలుగేండ్ల తరువాత గణితంలో వెనుకబడియున్నట్లు కూడ తేలినది.

ఈ విషయంలో మన రెండు భాషలును ఏకాభిప్రాయంతో ఉన్నవి. ‘దండం దశగుణం భవేత్’ అని తెలుగు పంతులు అనును. ‘హడ్డీ హమారీ, గోష్త్ ఆప్ కా’ అని, అనగా ఎముకలు మాకు మిగిల్చిన చాలును, కండ మీదేయని, ఉర్దూ ఇంటి తండ్రి బిడ్డను ఉస్తాదుకు అప్పగించును. రెండు సామెతలలోను గురువు మీద గౌరవం ఉన్నది, బిడ్డ మేలు కోరు తలంపు ఉన్నది. లేనిది బిడ్డ మాట ఒక్కటే. బెత్తం చదువు నేర్పునన్న నమ్మకాన్ని లెక్కలు బలపరచలేదు. భయపడిన పిల్లవాడు తెలియనిది అడుగడు, అడుగనివానికి తెలియదు.

విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. అయితే 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తింపదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును పునఃపరిశీలింపవలసియున్నదని 2025లో అదే న్యాయస్థానంలో మరొక ధర్మాసనం అభిప్రాయపడినది. న్యాయస్థానాల చర్చ న్యాయస్థానాలలో సాగును. మైనారిటీ సంస్థలకు లభించిన స్వేచ్ఛ తమ భాషను, సంస్కృతిని కాపాడుకొనుటకే గాని, బెత్తాన్ని కాపాడుకొనుటకు కాదు. చట్టం తాకినను తాకకున్నను ధర్మం తాకియే తీరును.

పదునాలుగు దాటిన పిదప

ఇంతవరకు చెప్పినదానిని ఒక వరుసలో పెట్టి చూతము. గర్భం నుండి ఆరేండ్ల వరకు అంగన్‌వాడీ. ఆరు నుండి పదునాలుగు వరకు విద్యాహక్కు. ఎనిమిదవ తరగతి వరకు కేంద్రం తోడ్పడు మధ్యాహ్న భోజనం. తొమ్మిది, పది తరగతులకు మన రాష్ట్రాలు తమ నిధులతో దానిని పొడిగించినవి. తరువాత? ఒడంబడిక ప్రకారం పదునెనిమిది వరకు బాలలే అయినను, పదునాలుగు దాటగానే చట్టం చేయి సడలించును. 2016 సవరణతో పదునాలుగు లోపు పిల్లలను పనిలో పెట్టుట నిషిద్ధమైనను, బడి వేళల తరువాత కుటుంబపు పనిలో సాయపడుటకు అనుమతి మిగిలినది. పదునాలుగు నుండి పదునెనిమిది వరకు గనులు, ప్రేలుడు పదార్థాలు మొదలగు ప్రమాదకరమైన పనులు తప్ప మిగిలిన పనులకు అడ్డు లేదు. మెకానిక్ షెడ్డు, బేకరీ, జరీ మగ్గం, బట్టల దుకాణం: ఈ వయస్సు బాలురకు తలుపులు తెరచియుండునవి ఇవే.

బాలికల విషయంలో తెరచియుండు తలుపు పెండ్లి. 1929 నాటి శారదా చట్టం బాలిక వివాహ వయస్సును పదునాలుగుగా నిర్ణయించినది. అది 1949లో పదునైదు, 1978లో పదునెనిమిది అయినది. 2006లో మరింత కఠినమైన చట్టం వచ్చినది. అయినను 2019-21 సర్వేలో, ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. యంగ్ లైవ్స్ పరిశోధనలో పంతొమ్మిదేండ్లు వచ్చుసరికి బాలికలలో మూడింట ఒక వంతుకు మించి వివాహితలు. అదే వయస్సు బాలురలో వివాహం అరుదు. పదునైదేండ్లకే బడి మానిన బాలికలలో బాల్యవివాహం చాల ఎక్కువ. పెండ్లి కొరకు చదువు మానిపించుట కొన్ని ఇండ్లలో జరుగును. చదువు ఆగినందున పెండ్లి చేయుట మరికొన్ని ఇండ్లలో జరుగును. పదవ తరగతి తరువాత కళాశాల దూరము, దారి మంచిది కాదు, ఇంటిలో ఊరక కూర్చున్నది, సంబంధం వచ్చినది, అని వరుసగా చెప్పు కారణాలలో మొదటిది బస్సు సౌకర్యం లేకపోవుటయే అగుచున్నది.

చిన్న నిబంధన సైతం ఇచ్చట పెద్ద పని చేయగలదు. తెలంగాణ ప్రభుత్వం 2014లో ప్రవేశపెట్టిన షాదీ ముబారక్ పథకం, వధువునకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెనని కోరినది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన షాదీ తోఫా పథకం మరొక అడుగు ముందుకు వేసి, వధూవరులిద్దరును పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండవలెనని విధించినది. మొదటిది వయస్సును అడిగినది, రెండవది చదువును గూడ అడిగినది. పేద తండ్రికి ఇచ్చు సాయాన్ని కూతురి చదువునకు ముడిపెట్టుట ఉచితమా, చదువునకు బడియే దగ్గర లేనివారి గతి ఏమి అను చర్చ అవసరమే. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో డొక్కా సీతమ్మ పేర మధ్యాహ్న భోజనాన్ని ఆరంభించినది. పదునాలుగు దాటిన పిల్లలకు కూడ ఆకలి వేయునని గుర్తించిన ఇట్టి చర్యలు ఆహ్వానింపదగినవి.

మన సముదాయం, మన కళాశాల

2006లో జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ప్రకారం, ఆరు నుండి పదునాలుగేండ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, నడుమ మానినవారో. ఇరువదేండ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు నాలుగు శాతం కంటె తక్కువ. బడి వయస్సు ముస్లిం పిల్లలలో మదర్సాలకు పోవువారు సుమారు మూడు శాతమేనని కూడ ఆ నివేదికయే తెలిపినది. కావున మన వెనుకబాటుకు మదర్సాలే కారణమని కొందరు, మన తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదని కొందరు చెప్పు మాటలు నిలువవు. 2016 నుండి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు దశలవారీగా 204కు చేరినవి. బడి దగ్గరకు వచ్చి, వసతి కల్పించి పిలిచినచో మన ఇండ్ల నుండి బాలికలు కూడ కదలివచ్చిరనుటకు అందులో సగం బాలికల సంస్థలగుటయే సాక్ష్యం.

పేద తల్లిదండ్రులే పిల్లలను పనికి పంపుదురన్న అపవాదును రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుండి చేసిన కృషి తొలగించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులైన శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ ఒక సూత్రాన్ని పట్టుకొన్నది: బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే. వెట్టిలోను, పశువుల కాపలాలోను ఉన్న పిల్లలను శిబిరాలలో చేర్చి, విడిచిన చదువును అందించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించిరి. ఆ పనిలో ముందు నిలిచినది ఆ గ్రామాల యువకులు, ఉపాధ్యాయులు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించినది; 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలైరి. ఆ శిబిరాలకు బిడ్డలను పంపినది కూలి ఇండ్ల తల్లులే.

కళాశాల అనగా ఇంటర్, డిగ్రీ వయస్సు వారి కొరకు గదా, పిల్లల క్షేమంతో దానికేమి పని అని కొందరికి తోచవచ్చును. పైన చెప్పిన వరుసలో చేయి సడలినచోటు పదునాలుగు నుండి పదునెనిమిది. సరిగా ఆ వయస్సు చివరననే మన కళాశాల ద్వారం ఉన్నది. అంగన్‌వాడీ ఉప్మాతో మొదలై, బడి భోజనంతో నిలిచి, పదవ తరగతి వరకు నడచివచ్చిన బిడ్డ మన గడప వద్దకు రాకమునుపే ఆగిపోయినచో, పదునైదేండ్లుగా సర్కారు పెట్టిన ఖర్చు, తల్లి పడిన శ్రమ రెండును సగంలో తెగిన నూలుపోగు అగును. ప్రవేశ పత్రాలు తీసికొన్నవారిని మనం లెక్కింతుము. రానివారిని లెక్కించు రిజిస్టరు ఏ కళాశాలలోను లేదు. ఉండవలసినది అదియే.

అందుచేత పాలకవర్గం పెద్దలకును, విద్యార్థులకును కొన్ని సూచనలు చేయుచున్నాము. జాతీయ సేవాపథకం విద్యార్థులు సెలవులలో తమ తమ మొహల్లాలలో పదునాలుగు నుండి పదునెనిమిదేండ్ల వారి జాబితా వ్రాయవలెను: ఎవరు చదువుచున్నారు, ఎవరు మానిరి, ఎందుకు మానిరి. కారణం ఆ బిడ్డ నోటనే వినవలెను, ఇంటి పెద్ద నోట మాత్రమే కాదు. ఫీజు కారణమైనచోట ఉపకార వేతనపు దరఖాస్తు నింపుటకు, దూరం కారణమైనచోట బాలికలు జట్టుగా వచ్చుటకు గాని, వాహనం ఏర్పాటునకు గాని కమిటీ సాయపడవలెను. మన సముదాయపు సంస్థలు నడుపు పాఠశాలలలో బెత్తం వాడరాదని వ్రాతపూర్వకమైన తీర్మానం చేయవలెను. కష్టంలో ఉన్న బాలల కొరకు 1098, మనోవేదనలో ఉన్నవారి కొరకు 14416 అను ప్రభుత్వ ఫోను నంబర్లు ప్రతి నోటీసు బోర్డు మీద రెండు భాషలలోను ఉండవలెను. వీనిలో ఏ ఒక్కటియు పెద్ద ధనం కోరునది కాదు.

పరిశోధన బిడ్డ ఎచ్చట వెనుకబడెనో చూపును. ప్రభుత్వ విధానం ఒక వయస్సు నుండి మరొక వయస్సుకు వంతెన వేయును. వంతెన లేనిచోట చేయి అందించుట దగ్గర నిలిచినవారి పని. పదునాలుగుకును పదునెనిమిదికిని నడుమ దగ్గర నిలిచినవారము మనమే. వచ్చు విద్యా సంవత్సరపు ప్రవేశాలు ఆరంభమగు లోపుననే ఆ జాబితా మన కళాశాల కార్యాలయపు బల్ల మీదకు చేరవలెనని కోరుచున్నాము.